ఇరవై గీత

మొన్న రాజ్‌కిశోర్ నగర్‌లో మందుల షాపుకి వెళ్ళి మా మామ్మకి ఇన్సులిన్ అడిగితే, షాపతను ఎప్పుడూ ఇచ్చే డబ్బా కాకుండా ఇంకో రంగు డబ్బా తీసి గాజుబల్ల మీద పెట్టాడు. "వహీ దవాయీ హై బేటీ, సిర్ఫ్ డిబ్బా బదలా హై" అన్నాడు. మందు అదేనట, డబ్బా ఒక్కటే మారిందట. నా వెనకాల జనం నిలబడి ఉన్నారు. పదిమందిలో నోరు విప్పడమంటే నాకు చిన్నప్పటినుంచీ బెరుకు. కానీ "అదే మందు" అన్న మాట వింటే అంతకంటే పెద్ద భయం పట్టుకుంటుంది. డబ్బా తిప్పి తిప్పి సన్న అక్షరాలన్నీ చదివాను. మిల్లీలీటరుకి ఎన్ని యూనిట్లో అతని చేత కూడా పైకి చదివించాను. వెనకనున్నాయన "అరే, పరీక్షా హై క్యా?" అని నవ్వాడు. నవ్వనీ అనుకున్నాను. ఇంటికొచ్చేదాకా నా అరచేతులు మాత్రం చల్లగానే ఉన్నాయి.

మామ్మ అంటే నాన్నకి అమ్మ. విజయనగరం వైపు పల్లెనుంచి పెళ్ళయి బిలాస్‌పూర్ వచ్చింది. తాతయ్య రైల్వే గేటు కాసేవారు. నాన్న గూడ్సు బళ్ళు నడుపుతారు. మామ్మకి సుగరు నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఉంది. రోజూ పొద్దున్నే పొడుచుకునే ఇన్సులిన్‌ని ఆమె "పాలసూది" అనేది. తొందరగా పనిచేసేదీ నిదానంగా పనిచేసేదీ కలిపిన మందు అది, తెల్లగా పాలలా ఉంటుంది. అడుగున పేరుకున్న తెలుపు అంతా సమంగా కలిసేలా సీసాని రెండు అరచేతుల మధ్యా మెల్లగా దొర్లించాలి. ఒకసారి డాక్టరు గారు నీళ్ళలా తేటగా ఉండే రకం కూడా ఉందని చెప్తే మామ్మ ఒప్పుకోలేదు. "నీళ్ళు పొడుస్తారేటి నాకు? పాలనాగుంటేనే బలవు" అని ఇంటికొచ్చేదాకా సణిగింది. అంత నమ్మకం ఆ సీసా మీద. చక్కెర మీద నమ్మకం మాత్రం అంతకంటే ఎక్కువ. దొరికితే చాలు పిడికెడు నోట్లో వేసుకునేది. అందుకని అమ్మ చక్కెర డబ్బాని దాచేది. దాచిన చోటు మామ్మ కనిపెట్టగానే చోటు మార్చేది. మా క్వార్టర్‌లో ఆ దాగుడుమూతలు ఎప్పుడూ నడుస్తూనే ఉండేవి.

మందు తీయడం నాన్న పని, పక్కన నిలబడి చూడడం నా పని. ఇంజన్‌లో ఉండేవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఎదురుగా సిగ్నల్ కనిపించగానే ఒకరు దాని రంగు పైకి చెప్పాలి, రెండోవాళ్ళు తమ కళ్ళతో చూసి ఆ మాటే తిరిగి చెప్పాలి. ఒకరి కన్ను పొరబడితే రెండో కన్ను పట్టుకుంటుందని. నాన్న ఆ పద్ధతిని ఇంటికి తెచ్చారు. సిరంజిలోకి మందు లాగి, వెలుతురుకి ఎత్తి "ఇరవై" అనేవారు. నేను దగ్గరికొచ్చి గీత చూసి "ఇరవై" అనేదాన్ని. అప్పుడుగానీ సూది దిగేది కాదు. మామ్మ పొట్ట మీద చీర కాస్త జరిపి, "బండి ఒగ్గండర్రా, సిగ్నలిచ్చీసేరు" అనేది. మా ఇంట్లో పెద్దగా వినిపించే నా మాట అదొక్కటే అనుకుంటాను. అన్నప్పుడల్లా కాస్త గర్వంగా ఉండేది.

కొన్నేళ్ళ క్రితం ఒక వేసవిలో మందు దొరకలేదు. మేము ఎప్పుడూ తెచ్చుకునే చోట సీసాలు అయిపోయాయి, కొత్తవి ఎప్పుడొస్తాయో తెలియదన్నారు. నాన్న డ్యూటీ దిగి, స్నానమైనా చేయకుండా దయాల్‌బంద్‌లో మందుల షాపులన్నీ తిరిగారు. చివరికి ఒక షాపులో అదే పేరున్న మందు దొరికింది. కాకపోతే సీసా కాదు, ఇన్సులిన్ పొడుచుకునే పెన్నులో అమర్చే చిన్న గాజు గొట్టం. షాపతను పెన్ను ఉందా అని అడిగాడట. ఇంట్లో డబ్బాడు సూదులున్నాయని నాన్న చెప్పి వచ్చేశారు. మర్నాడు పొద్దున్న యూనిఫాంలో నిలబడి గొట్టాన్ని అరచేతుల్లో దొర్లించారు. లోపల అదే పాలరంగు. మా ఎర్రమూత సిరంజితోనే దాని రబ్బరులోంచి మందు లాగారు. "ఇరవై" అన్నారు. నేను గీత చూశాను. ఇరవై. అదే అన్నాను. మామ్మ ఉప్మా తింది. నాన్న బండెక్కడానికి, అమ్మ పాఠాలు చెప్పే స్కూలుకి వెళ్ళిపోయారు.

మామ్మ కూలరు ముందు కూర్చుని బియ్యం ఏరుతోంది. నాకు పరీక్షలకి సెలవులు, పక్కన పుస్తకం పట్టుకుని ఉన్నాను. చేట అంచు మీదుగా బియ్యం కింద పడుతుంటే తలెత్తి చూశాను. నుదుటి మీంచి చెమట ధారగా కారుతోంది. బిలాస్‌పూర్ ఎండల్లో చెమట పట్టనిదెవరికని తువ్వాలు తీసి తుడిచాను. చెమట చల్లగా ఉంది. "మామ్మా" అంటే నావైపు చూసింది, కానీ ఆ చూపు నన్ను దాటి ఎక్కడికో పోయింది. "గేటు ముయ్యే గుంటా. బండొస్తంది" అంది.

మా క్వార్టర్‌కి ఉన్నది మేకలు రాకుండా పెట్టిన చిన్న ఇనప తలుపు. పరుగెత్తి వెళ్ళి దాన్నే మూసొచ్చాను. ఎందుకు మూశానో ఇప్పటికీ చెప్పలేను. "మూసీసేను మామ్మా" అన్నాను. "నేదు, మూయనేదు. మనుసులున్నారే పట్టాల మీద" అంటూ లేవబోయి గోడకి ఒరిగిపోయింది. మాట ముద్దగా అయిపోతోంది. సుగరు పడిపోతే చక్కెర పెట్టాలని నాకు తెలుసు. వంటింట్లోకి వెళ్ళి డబ్బాలన్నీ తీశాను. పప్పులు, పిండ్లు, పోపుగింజలు. చక్కెర లేదు. అటకమీద లేదు, మంచం కింద లేదు. ఆ రోజు అమ్మ ఎంత బాగా దాచిందో! నాన్నకి ఫోన్ చేశాను, కట్టేసి ఉంది. బండి నడిపేటప్పుడు వాళ్ళు ఫోన్ తెరవకూడదు. అమ్మ క్లాసులో ఉంది, ఎత్తలేదు. అప్పుడు వాకిట్లోకొచ్చి అరిచాను. ఏమని అరిచానో తెలియదు. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

పక్క క్వార్టర్ చాచీ తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. ఛత్తీస్‌గఢీ ఆవిడ, మామ్మకి స్నేహితురాలు. "కా హోగే దాయీ లా?" అమ్మకి ఏమైందని అడుగుతూనే మామ్మ పక్కన కూలబడింది. చక్కెర దొరకలేదని ఏడుస్తూ చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం నా మొహం చూసి, మామ్మ దిండు ఎత్తి, గలేబులో చెయ్యి పెట్టి చిన్న పొట్లం లాగింది. చక్కెరే. ఆ పొట్లాలు ఎవరు కట్టి ఇస్తున్నారో చాచీ మొహంలోనే తెలిసిపోయింది. నీళ్ళలో కలిపి, మామ్మ తల ఎత్తి పట్టుకుని, మింగగలుగుతోందో లేదో గొంతు చూస్తూ, కొద్దికొద్దిగా తాగించింది. సగం జాకెట్టు మీద పడింది. సగం లోపలికి పోయింది. ఆటోలో ఆస్పత్రికి వెళ్తున్నంతసేపూ మామ్మ నా వేళ్ళు పట్టుకోలేదు. నేనే పట్టుకున్నాను.

సెలైన్ స్టాండుకి గ్లూకోజు కట్టాక డాక్టరు గారు ఏ మందు, ఏ సిరంజి అని అడిగారు. చాచీ రెండూ కవర్లో వేసి తెచ్చింది. ఆయన వాటిని పక్కపక్కన పెట్టి నాకు చూపించారు. మా సీసా మందు మిల్లీలీటరుకి నలభై యూనిట్లది. ఎర్రమూత సిరంజి మీద గీతలు దానికోసం గీసినవి. ఈ గొట్టంలోది మిల్లీలీటరుకి వంద. పేరు అదే, రంగు అదే, చిక్కదనం వేరు. "ఇరవై గీత దగ్గర యాభై వెళ్ళింది. నిదానంగా పనిచేసే భాగం ఇంకా లోపలే ఉంది. రేపటిదాకా కదల్చొద్దు" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. కోప్పడితే బాగుండుననిపించింది.

సాయంత్రానికి నాన్న వచ్చారు. బండి దిగి ఫోన్ తెరిచేసరికి మా పిలుపులన్నీ కనిపించాయట. యూనిఫాం మీదే మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డారు. "ఇరవైయే కదమ్మా తీసేను?" అన్నారు. "ఇరవైయే నాన్నా" అన్నాను. ఇద్దరం సరిగ్గానే చూశాం. ఇద్దరం సరిగ్గానే చెప్పాం. ఆయన చెయ్యి మంచం ఇనప కడ్డీని పట్టుకుని వదలడం లేదు. వేల టన్నుల బొగ్గు లాక్కెళ్ళే మనిషి అంత భయపడగా నేను అంతకుముందు చూడలేదు, తరవాతా చూడలేదు.

మామ్మ బతికింది. కళ్ళు తెరిచి, చేతికున్న గొట్టం చూసి, "ఓలమ్మో, ఇదేటి, గ్లూకోజా? తియ్యటిదే కదా! మీ అమ్మ సూసిందేటి?" అంది. చాచీ నవ్వబోయి కొంగు నోట్లో కుక్కుకుంది. ఇప్పుడు ఆమెకి డాక్టరు గారు ఖరారు చేసిన పెన్నూ, దానికి తగిన మందూ ఉన్నాయి. అదైనా ఒక్కో నెల దొరకదు. దొరకని నెల మా ఇంట్లో అందరం మెల్లగా మాట్లాడుకుంటాం. కొత్త డబ్బా తెరిచిన రోజున నేను ఎక్కడికీ వెళ్ళను. పక్కనే కూర్చుని మాటిమాటికీ ఆమె నుదురు తడిమి చూస్తాను. "బతికే ఉన్నానే, సెయ్యి తియ్యి" అంటుంది.

ఆ పొద్దున జరిగింది మామ్మకి ఏదీ గుర్తులేదు. ఉప్మా గుర్తుంది, గ్లూకోజు గుర్తుంది, మధ్యలోది లేదు. అప్పుడప్పుడు "ఆవేళ నేనేటన్నానే?" అని అడుగుతుంది. ఏమీ అనలేదంటాను. గేటు మాట చెప్పను. ఆమెలోంచి జారిపోయిన ఆ కాసింత కాలం ఎక్కడికీ పోలేదు. పక్కన మెలకువగా ఉన్నందుకు నా వంతుకొచ్చింది, ఇంకా నా దగ్గరే గడుస్తోంది.