చిటికెన వేలు ఒక్కటే బాగున్న చెయ్యి

"సెయ్యి కాలిపోతన్నా తెలీనేదంటే అది బెణుకేటమ్మా? నరం సచ్చిపోతంది!" అని నా కూతురు సరోజ అరిచింది.

"నువ్వు పుట్టకముందు నుంచీ సేతులు పడతన్నాను. నాకు సెప్పొచ్చేవు."

"పట్టినావులే. ఆ బొబ్బలు సూడు."

"ఉప్పు మూట కాస్త వేడెక్కింది. ఎన్నపూస రాస్తే పోద్ది."

"ఎన్నపూస రాస్తే నరం లేస్తాదా?"

మా ఇద్దరి మధ్యా పీట మీద ముత్తక్క కూర్చుని ఉంది. ఆమె కుడిచేతి చూపుడు వేలికీ నడిమి వేలికీ తెల్లటి బొబ్బలు. ఆమె ఏడవడం లేదు. నొప్పి తెలిస్తే కదా ఏడవడానికి.

ఇది మూడేళ్ల కిందటి వేసవి మాట. మాది బచేలి, హిందీ మాట్లాడే రాష్ట్రంలో ఇనుప గనుల ఊరు. మా ఆయన ఈ రైలు లైను మీద గ్యాంగ్‌మన్‌గా చేశాడు. విజయనగరం వైపు నుంచి వచ్చిన నాటి నుంచీ బాలింతలకూ పసిపిల్లలకూ నూనె పట్టడం, బెణుకులకు కట్టు కట్టడం నా పని. చదివింది మూడో తరగతి. సరోజ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ గదిలో ఆయా. కీళ్లకూ కండరాలకూ అక్కడ కసరత్తు చేయిస్తారు.

ముత్తక్క గొల్లపల్లి వైపు దొర్ల తెగ మనిషి. మొగుడు పోయాక చిన్న కూతురిని తీసుకుని ఇక్కడి చింతపండు గోదాములో పనికి చేరింది. కాయను సుత్తితో కొట్టి, కత్తి మొనతో గింజ తీయాలి. కుడి బొటనవేలు పొద్దస్తమానం కత్తి వెన్ను మీదే ఉంటుంది. ఆ చెయ్యి ఆగితే ఇంట్లో పొయ్యి ఆగుతుంది.

సీజను మొదట్లో నా దగ్గరికి వచ్చింది.

"ఏందో అవ్వా, పొద్దున లేస్తే చెయ్యి నాది కానట్టే ఉంటది. ఇదిలిస్తే గాని రాదు. చీమలు పాకినట్టు జుమ్ముమంటది."

"ఏ ఏళ్లే?"

"బొటనేలు, ఈ రెండు, ఉంగరపు ఏలు సగం. చిటికెనేలు మంచిగనే ఉంది. దవాఖానకు పోవాల్నా?"

"ఒక ఏలు బాగుందంటే పెద్ద జబ్బు కాదే. ఆస్పత్రి సుట్టూ తిరిగి కూలి పోగొట్టుకుంతావా?" అని తేల్చేశాను.

కొన్న పట్టీ నేనెప్పుడూ వాడలేదు. గోదాములో పారేసే చింతగింజలు ఆమె చేతే తెప్పించి, దంచి, ఉడికించి, ఆ జిగురులో పాత పంచె పీలికలు ముంచి మణికట్టుకు చుట్టేదాన్ని. తడిగా ఉన్నప్పుడు మెత్తగా ఉంటుంది. ఎండితే చెక్కలా బిగుస్తుంది. చీలమండ బెణికిన వాళ్లు దానితో లేచి నడిచారు. అదే నా గర్వం.

ముత్తక్క చేతిలోంచి గ్లాసు జారిపోతోందంటే ఇంకో చుట్టు చుట్టాను. కూతురి గౌను గుండీ పెట్టలేకపోతున్నానంటే మరో చుట్టు. బొటనవేలి మొదలు దగ్గరి కండ గుంట పడితే, తిండి చాలక అనుకుని, గంజి తాగమని కసిరాను. చివరికి ఆ మధ్యాహ్నం ఉప్పు వేయించి మూటకట్టి వేళ్లకు కాపడం పెట్టాను.

"కాల్తందా?"

"లే అవ్వా. ఇంకింత వేడి పెట్టు."

పెట్టాను.

డ్యూటీ దిగి వచ్చిన సరోజ ఆ వేళ్లు చూసింది. పోట్లాట అయ్యాక నాకు తన చెయ్యి చూపించి చెప్పింది. మణికట్టులో ఎముకలకూ ఒక గట్టి పట్టీకీ మధ్య ఇరుకు దారి ఉంటుందట, కార్పల్ టన్నెల్ అని. అందులోంచి పోయే నరం నలిగితే బొటనవేలు, దాని పక్క రెండూ, ఉంగరపు వేలు సగం తిమ్మిరెక్కుతాయి. చిటికెన వేలి నరం వేరే దారిన పోతుంది కనుక అది బాగుంటుంది. నేను మంచి గుర్తు అనుకున్నదే జబ్బు ఆనవాలు. ఆ ఇరుకు మీద నేను ఇంకో పట్టీ బిగించాను. మొదట్లోనే మణికట్టు నిటారుగా ఉండేలా వదులు పట్టీ వేసి, పనికి విరామం ఇచ్చి, డాక్టరుకు చూపిస్తే చాలామందికి తగ్గుతుందట.

ఆ రోజు నుంచి నేను తిమ్మిరి చేతులు ముట్టుకోవడం మానేశాను. మొద్దుబారిన చేతిని వేడి తెలుస్తోందా అని అడిగి, దాని జవాబు నమ్మకూడదు. ఈ సంగతి నాకు తెలియడానికి ఒక మనిషి చెయ్యి ఖర్చయింది. ఇంత పొదుపు చేసిన నేను చేసిన ఖర్చు అది.

మర్నాడు పొద్దున ముగ్గురం ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరు బొటనవేలితో చిటికెన వేలిని తాకమన్నాడు. సగం దారిలో ఆగిపోయింది. ఆపరేషన్ చేస్తే తిమ్మిరి తగ్గవచ్చనీ, పోయిన కండ, బలం తిరిగి వస్తాయని మాత్రం చెప్పలేననీ హిందీలో అన్నాడు. సరోజ తెలుగులో చెప్పింది.

"మరి కత్తి ఎప్పుడు పట్టాలె?" అంది ముత్తక్క.

సరోజ ఆ మాట హిందీలోకి మార్చలేదు.

డాక్టరు మణికట్టు చుట్టూ నల్లబడిన చార చూసి, "ఇంత గట్టిగా ఎవరు కట్టారు?" అని అడిగాడు.

ముత్తక్క నా వైపు చూడలేదు. "మైనేహీ బాంధా, సాబ్," అంది, తానే కట్టుకున్నానని, వచ్చీరాని హిందీలో.

ఆయన ఆమెను తిట్టాడు. ఆమె తలవంచుకుని విన్నది. నేను పక్కనే నిలబడి ఉన్నాను.