మ్యాపులో పసుపు చుక్క

పటాన్‌చెరులో ఒక మందుల షాపు మీద, మొదటి అంతస్తులో, నాకు ఎనిమిది కంప్యూటర్ల ఇంటర్నెట్ సెంటర్ ఉండేది. రెండువేల సంవత్సరం దాటాక మొదటి పదేళ్లలో చివరి రోజులవి. పరీక్షల రిజల్టులు, రైలు టికెట్లు, బయోడేటాలు, పెళ్లి సంబంధాల ఫొటోలు, అన్నీ నా మెట్లెక్కే వచ్చేవి. వచ్చినవాళ్ల పేర్లు మాత్రం నేను అడిగేవాణ్ని కాదు. పేరు తెలిస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే కష్టసుఖాలు తెలుస్తాయి, ఆ తర్వాత టైమైంది లెమ్మని గట్టిగా అనలేం. అందుకని అందర్నీ మిషన్ నంబరుతోనే పిలిచేవాణ్ని.

నా పాత గిరాకీల్లో ఒక ఆటగాళ్ల జట్టు ఉండేది. అందరూ చుట్టుపక్కల ఫ్యాక్టరీలవాళ్లు. డ్యూటీ దిగి, ఒంటి మీది నూనె, మందుల వాసన పోకముందే వచ్చి కూర్చునేవాళ్లు. వాళ్లాడేది ఒక ఆన్‌లైన్ ఆట. అడవులు, గుట్టలు, వాగులు దాటుకుంటూ జట్టుగా వెళ్లి ఎక్కడో ఉన్న కోటను పట్టుకోవాలి. వీళ్లు ఎప్పుడూ కోట దాకా వెళ్లిన పాపాన పోలేదు. ఆటలో ఇచ్చిన మ్యాపు మనం ఎక్కడున్నామో చూపిస్తుంది గాని, మనవాళ్లు ఎక్కడున్నారో చూపించదు. అందుకని కంప్యూటర్ల ముందు కూర్చుని అరుచుకునేవాళ్లు.

"ఏడున్నవ్ ర?"

"గుట్ట కాడ."

"ఏ గుట్ట ర? అన్నీ గుట్టలే కద!"

సాయంత్రమయ్యేసరికి నాకు తల పగిలిపోయేది. పక్కపక్క కుర్చీల్లో కూర్చుని తప్పిపోయే మనుషుల్ని నేను అక్కడే చూశాను.

జట్టులో పెద్దవాడు ఒక కంపెనీలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్. మీటర్లు బాగుచేసే పని ఆయనది. ఆయనే ఎక్కడో వెతికి, ఆ ఆటకు తగిలించే ఒక చిన్న ప్రోగ్రామ్ పట్టుకొచ్చాడు. దాన్ని యాడాన్ అంటారు. ఆట తయారుచేసినవాళ్లు ఇచ్చింది కాదు, ఆడేవాళ్లెవరో రాసుకున్నది. మెకానిక్ దాన్ని 'ఫిట్టింగ్' అనేవాడు. ఆ ఫిట్టింగ్ పెట్టుకున్నవాళ్లంతా ఒకరి మ్యాపులో ఒకరు రంగు చుక్కలుగా కనబడతారు. చుక్క పక్కన పేరుంటుంది. మనిషి నడిస్తే చుక్క నడుస్తుంది. ఆట వదిలి వెళ్లిపోతే, ఆఖరిసారి ఎక్కడున్నాడో అక్కడే బూడిదరంగులో నిలబడిపోతుంది. జట్టులో లేనివాళ్లు, ఫిట్టింగ్ లేనివాళ్లు అసలు కనబడరు.

నా మిషన్లు ఒకసారి ఆపి మళ్లీ వేస్తే కొత్తగా పెట్టినవన్నీ తుడుచుకుపోయేవి. వైరస్‌ల భయానికి నేనే అట్లా పెట్టించాను. దాంతో ప్రతి సాయంత్రం పెన్‌డ్రైవ్ పట్టుకుని ఆ ఫిట్టింగ్‌ను మళ్లీ ఎక్కించడం నా మెడకు చుట్టుకుంది. విసుక్కుంటూనే చేసేవాణ్ని. కాని అరుపులు తగ్గాయి, అది ఒప్పుకోవాలి.

జట్టులో పసుపు చుక్క ఒకటే, దాన్ని తోలేవాళ్లు మాత్రం ఇద్దరు. ఇద్దరూ ఒకే మందుల కంపెనీలో, మందులు ఉడికించే ఒకే రియాక్టర్ దగ్గర ఆపరేటర్లు. ఒకాయన పొడుగు మనిషి, రెండో ఆయన అతని రిలీవర్. అంటే పొడుగాయన డ్యూటీ దిగే వేళకు వచ్చి ఆ కుర్చీలో కూర్చునేవాడు. ఇస్నాపూర్‌లో వాళ్లకు ఒక రూము, రూములో ఒకే మంచం. ఒకరు డ్యూటీలో ఉంటే ఒకరు దాని మీద పడుకునేవాళ్లు. ఆ వరుసలోనే ఆటలో కూడా ఇద్దరికీ కలిపి, పొడుగాయన పేరు మీద, ఒక్క మనిషినే పెట్టుకున్నారు. నా దగ్గరికి రాని రోజు, ఫిట్టింగ్ పెన్‌డ్రైవ్‌లో పట్టుకుపోయి రూము పక్కనున్న ఇస్నాపూర్ నెట్ సెంటర్లో కూర్చునేవాళ్లు.

ఆ కంపెనీల్లో ఒక కట్టుబాటు ఉంది. రిలీవర్ వచ్చి, రియాక్టర్ ఏ స్థితిలో ఉందో నోటితో చెప్పించుకుని చార్జ్ తీసుకునేదాకా ఉన్నవాడు కుర్చీ వదలకూడదు. రిలీవర్ రాకపోతే ఆ డ్యూటీ కూడా ఉన్నవాడే చేయాలి, దాన్ని డబుల్ అంటారు. వీళ్లిద్దరూ ఆటలో కూడా ఆ పద్ధతే పాటించేవాళ్లు. లేచేముందు తమ మనిషిని ఒక బావి పక్కన నిలబెట్టి, రెండోవాడికి ఫోన్లో అంతా అప్పగించి లేచేవాళ్లు. నాకు నవ్వొచ్చేది. ప్రాణం లేని బొమ్మకు చార్జ్ అప్పగింతలేమిటని అడిగితే, అలవాటు అన్నా, అనేవాళ్లు.

ఇద్దర్లో ఎవరు తోలుతున్నారో చుక్క నడకలోనే తెలిసిపోయేది. పొడుగాయనదైతే కంపెనీ బస్సులాగ బాట పట్టుకుని నేరుగా పోయేది. రిలీవర్ది అడ్డంగా తిరిగేది. ఆకులు కోస్తే ఆటలో ఏవో మందులొస్తాయట, అందుకని ప్రతి చెట్టు దగ్గరా ఆగేవాడు. మెకానిక్ తిట్టుకునేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం, భోజనాల వేళ దాటాక, ఒకామె మెట్లెక్కి వచ్చింది. సంగారెడ్డిలో మిషన్ స్కూల్లో టీచర్. పొడుగాయన భార్యనని చెప్పింది.

"రెండింటికి డ్యూటీ దిగి ఈడికే వస్తనన్నడు అన్నా. జెర కూసుంట."

పెళ్లయినప్పట్నుంచీ ఆమె సంగారెడ్డిలో అత్తగారింట్లో, ఆయన ఇస్నాపూర్ రూములో. వారానికి ఒకరోజు మొగుడూ పెళ్లాలు. ఆ పూట ఇద్దరూ కలిసి కిష్టారెడ్డిపేటలో ఒక కిరాయి ఇల్లు చూడబోతున్నారు. ఆమె సంచిలో కొత్త తాళంకప్ప ఉంది, వచ్చే దారిలో కొన్నదట.

"ఇల్లు సూడకముందే తాళమా అమ్మా?" అన్నాను.

"తాళం ఉంటే ఇల్లు అదే దొరుకుతది," అని నవ్వింది.

రెండు దాటి చాలాసేపయింది. ఆయన రాలేదు. ఆమె గోడ గడియారం చూడటం మానేసి నన్ను చూడటం మొదలుపెట్టింది. అప్పుడు వచ్చింది చప్పుడు. కిటికీ అద్దాలు అదిరాయి. కరెంటు పోయింది, మిషన్లు మాత్రం బ్యాటరీ మీద నడుస్తూనే ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే ఫ్యాక్టరీల వైపు తెల్లటి పొగ లేస్తోంది. ఆ ప్రాంతంలో ఉన్నవాళ్లకు పొగ కొత్త కాదు, ఆ చప్పుడు కొత్త.

కాసేపటికి మెకానిక్ రొప్పుతూ పైకొచ్చాడు. పేలింది పొడుగాయన కంపెనీలోనే అన్నాడు. ఆ రియాక్టరే అన్నాడు. అన్నాకగాని బెంచీ మీద కూర్చున్న ఆమెను చూడలేదు.

ఆమె భర్త నంబరు కలిపింది. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. ప్లాంటులోకి ఫోన్లు పట్టుకుపోనివ్వరు, గేటు దగ్గరే పెట్టి పోవాలి. ఆ సంగతి మా అందరికీ తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా మళ్లీ మళ్లీ కలుపుతూనే ఉంది.

మెకానిక్‌కు ఏం తోచిందో, ఒక మిషన్ ముందు కూర్చుని ఆట తెరిచాడు. నేను ఫిట్టింగ్ ఎక్కించాను. మ్యాపు వచ్చింది. అడవి అంచున పసుపు చుక్క కదులుతోంది.

"వదినా, ఉన్నడు! గిదిగో, నడుస్తుండు! ఇస్నాపూర్ సెంటర్‌ల కూసున్నట్టుండు."

ఆమె వచ్చి తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా చూసింది. చుక్క పక్కన ఆయన పేరుంది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. ఎవరన్నదీ పట్టించుకోని నాకే అట్లా ఉంటే, ఆమె సంగతి చెప్పక్కర్లేదు. కుర్చీలో కూలబడి ఏడ్చింది. ఏడ్చాక కోపమొచ్చింది.

"నేను సగం రోజు లీవ్ పెట్టి ఈడ పడిగాపులు కాస్తుంటే, ఆడ కూసోని గేమ్ ఆడుతుండా? రానీ, చెప్త."

అందరం నవ్వాం. నవ్వుతుండగానే చుక్క బాట దిగింది. ఒక చెట్టు దగ్గర ఆగింది. అక్కణ్నుంచి ఇంకో చెట్టు దగ్గరకు పోయి ఆగింది. మెకానిక్ మౌస్ వదిలేశాడు. ఆయన నా వైపు చూశాడు. నాకూ అర్థమైంది.

"ఏమైంది?" అందామె.

"ఇది ఆయన గాదు వదినా. ఆయన రిలీవర్."

"పేరు ఆయనదే కద?"

"పేరు ఒక్కటే. ఆడేది ఇద్దరు."

ఆమె టీచరు, లెక్క అందుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. రిలీవర్ ఇక్కడ ఆకులు కోస్తున్నాడంటే రెండింటికి డ్యూటీకి పోలేదు. అతను పోలేదంటే ఆమె భర్త కుర్చీ వదలడు. ఇంతసేపూ మాకు ధైర్యమిచ్చిన ఆ చుక్కే ఆయన ఎక్కడున్నాడో చెప్తోంది.

మెకానిక్ ఆటలోనే టైపు చేశాడు, డ్యూటీకి ఎందుకు పోలేదని. జవాబు వచ్చింది. నిద్రపట్టిందట, లేచేసరికి రెండు దాటిందట, ఆయన డబుల్ చేస్తాడులే అనుకున్నాడట. ఏమైంది అన్నా, అని అడిగాడు. మెకానిక్ ఏమైందో రాశాడు. చుక్క చెట్టు పక్కనే బూడిదరంగుకు తిరిగింది. ఆటలోని మనిషిని బావి దగ్గర నిలబెట్టకుండా అతను లేవడం అదే మొదటిసారి.

ఆమె సంచీ తీసుకుని లేచింది. బండి మీద దింపుతానని మెకానిక్ తాళాలు వెతుక్కుంటున్నాడు. అంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు. పొడుగాయన.

చొక్కా చెమటకు తడిసి ఉంది, ఒంటి మీద గీత కూడా పడలేదు. ఆమె ఆ సంచీతోనే ఆయన్ను కొట్టింది. లోపల తాళంకప్ప ఉంది, గట్టిగానే తగిలి ఉంటుంది. ఆయన వద్దనలేదు. బెంచీ మీద కూర్చున్నాడు. మేమంతా సంతోషంతో ఏదేదో మాట్లాడుతున్నాం, ఆయన మాత్రం కిటికీలోంచి పొగ వైపే చూస్తున్నాడు.

మెకానిక్ అడిగాడు. "నీ రిలీవర్ రాలేదంట గద. మరి నువ్వెట్ల వచ్చినవ్?"

"ప్యాకింగ్‌ల చేసే భయ్యా నా కుర్చీల కూసున్నడు," అన్నాడు ఆయన. "ఈమె ఎదురుసూస్తదని పరేషాన్ అవుతుంటే, తుమ్ జావో, మై దేఖ్తా హూఁ అన్నడు, నువ్వు పో నేను సూస్త అని. రిలీవర్ వచ్చేదాంక మీటర్ సూడు, ముల్లు ఎర్రగీత దాటితే ఇన్‌చార్జ్‌ను పిలువు అని చెప్పి వచ్చిన. తొందరల ఫోన్ గేటు కాడ్నే మర్సి రోడ్డు మీదికి వచ్చిన్నో లేదో పేలింది. మళ్ల గేటు కాడికి ఉరికిన. లోపలికి పోనియ్యలే."

అందరం ఎందుకో మ్యాపు వైపే చూశాం. మెకానిక్ చుక్క ఉంది, బూడిదరంగు చుక్క ఉంది. ఆ భయ్యా ఆ మ్యాపులో లేడు, ఎన్నడూ లేడు.

ఆమె వెళ్లి భర్త ఎదుట నిలబడింది.

"ఆయన పేరేంది?"

"భయ్యా అంటం."

"అది మనమంటం. వాళ్లింట్ల ఏమంటరు?"

ఏడాదిగా ఆయనా భయ్యా ఒకే చోట కూర్చుని అన్నం తింటున్నారు. ఆ పేరు ఆయనకు తెలియదు. తర్వాత లేచి మెట్లు దిగాడు, ఆమె వెనకే దిగింది. ఇద్దరూ కిష్టారెడ్డిపేట వైపు కాకుండా ఫ్యాక్టరీల వైపు నడవడం కిటికీలోంచి చూశాను.

ఆ భయ్యా బతకలేదు. ఎందుకు పేలిందో ఎవరూ తేల్చలేదు. ముల్లు ఎర్రగీత దాటడం ఆయన చూశాడో లేదో కూడా ఎవరికీ తెలియదు. జట్టు ఆ తర్వాత కొన్నాళ్లే ఆడింది. పసుపు చుక్క మళ్లీ కదలలేదు.

పేలిన మర్నాడు సాయంత్రం ఆమె ఒక్కతే నా సెంటర్‌కు వచ్చింది. ఆసుపత్రి నుంచి వస్తున్నానంది. అక్కడ భయ్యా తమ్ముణ్ని కలిసిందట. భయ్యా పేరు చెప్పింది, బీహార్‌లో వాళ్ల ఊరి పేరు చెప్పింది, ఇద్దరు ఆడపిల్లలని చెప్పింది. నేనేమీ అడగలేదు. నేను సరిగ్గా విన్నానో లేదో అని పేరు ఇంకోసారి చెప్పి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

అప్పటికి మూడో నంబరు టైమైపోయి చాలాసేపయింది. ఉన్నచోటి నుంచే పిలవబోయి ఆగాను. లేచి అతని దగ్గరకు వెళ్లి, నీ పేరేమిటని అడిగాను.