శనివారం క్లాసు టీచరుగారు

మొన్న మంగళవారం దేవుడి దగ్గర దీపం పెట్టి లేస్తుండగా మా అమ్మాయి ఫోన్ చేసింది. శనివారం క్లాసు టీచరుగారు పోయారని చెప్పింది. మీలో చాలామందికి ఆవిడ తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆవిడ దక్షిణ సూడాన్ నుంచి వచ్చినావిడ. మేముండే క్రెయిగీబర్న్ పేటలో ఒక హాలు తీసుకుని నల్లజాతి ఆడపిల్లలకు నాటకం, కవిత్వం నేర్పేవారు. ఎవరో రాసినవి వల్లె వేయించేవారు కాదు. పిల్లలే రాసుకోవాలి, వాళ్లే చెప్పాలి. ఎవరైనా "సారీ" అంటూ మొదలుపెడితే బయటికి పంపి, మళ్లీ తలుపు తీసుకుని రమ్మనేవారు. నీ మాట చెప్పడానికి సారీ ఎందుకమ్మా అనేవారు.

మా అమ్మాయి స్నేహితురాలొకతె అక్కడికి వెళ్లేది. పదమూడేళ్ల పిల్ల, బడిలో నోరు విప్పేది కాదట. ఏడాది చివరి ప్రదర్శనకు, తన జుట్టును తోటిపిల్లలు వెక్కిరించిన రోజు గురించి రాసుకుంది. మేకప్ వేసే మనిషి కావాలంటే మా అమ్మాయితో కలిసి నేను వెళ్లాను. కూచిపూడికి మా అమ్మాయిని తయారుచేసిన చెయ్యే కదా అనుకున్నాను.

అలవాటు కొద్దీ ఆ పిల్లకు రెండు ఛాయలు తెల్లగా పాన్‌కేక్ మేకప్ పూశాను. మనమంతా మన పిల్లలకు చేసేదే. ముద్దుగా ఉన్నావని కూడా అన్నాను. ఆ పిల్ల అద్దంలో చూసుకుని, చేతిలోని కాగితం మడిచేసి, తను చెప్పనంది.

"అమ్మా, దట్స్ నాట్ హర్ ఫేస్," అంది మా అమ్మాయి మెల్లగా.

టీచరుగారు వచ్చి చూశారు. తడిబట్ట తెచ్చి నా చేతికే ఇచ్చారు.

"సిస్టర్, ఆ మాటలు రాసింది ఈ ముఖమే. దీన్నే వెళ్లనిద్దాం."

నేను సారీ అన్నాను.

"అయితే మీరూ బయటికెళ్లి రండి," అన్నారు. ఆ పిల్లకు నవ్వొచ్చింది.

నెమ్మదిగా తుడిచాను. రోజూ నేను మొక్కే కృష్ణుడు నల్లనివాడేనన్న సంగతి ఆ బట్ట పిండుతుంటే తట్టింది. ఆ తర్వాత నుంచి కూచిపూడికి మా అమ్మాయికి కూడా దాని ఒంటి రంగే వేశాను. అందుకు ఆవిడకు ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

పిల్ల వేదిక ఎక్కింది. మొదటి మాట వణికింది, తర్వాతవి వణకలేదు. చెప్పడం అయిపోయింది, చప్పట్లూ ఆగాయి. అయినా దిగలేదు. ఒక్కొక్కరినీ చూస్తూ అలాగే నిలబడింది. పక్కన టీచరుగారు తెర తాడు పట్టుకుని, లాగకుండా, ఎంతసేపైనా సరే అన్నట్టు చూస్తూ ఉన్నారు.