జెండాలు పీకేసిన మా వదిన

మా వదినకు కోపం వస్తే సముద్రం కూడా రెండడుగులు వెనక్కి జరుగుతుందని నేను అంటుంటాను. అన్నయ్య వింటే, "రెండేనా?" అంటాడు పాపం, అనుభవం మీద. ఆవిడ సముద్రం ఒడ్డున ఉన్న పక్షుల రక్షిత ప్రాంతానికి కాపలాదారు. నేను అక్కడే గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ళ సంచులు చూస్తాను. అంతకుముందు ఆవిడ బడిపిల్లల యూనిఫారాలు కుట్టేది. ఎనిమిదేళ్ళ కిందట మిషను మీద గుడ్డ కప్పేసి ఈ ఉద్యోగంలో చేరింది.

గేటు దాటిన ప్రతివాళ్ళనూ ఆపి ఆవిడ ఒకటే పాఠం చెబుతుంది.

"తడి ఇసుక మీదే నడవండి. పొడి ఇసుక మీద కాలు పెట్టారో, ఊరుకోను. కుక్కను తెచ్చారా? ఇంట్లో దింపేసి రండి, కారులో కట్టేసి కాదు. తెచ్చిన కవర్లు తెచ్చినట్టే పట్టుకుపోవాలి. రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పోయే పిట్ట కనపడితే జాలిపడి వెంటపడకండి. దానికేం కాలేదు. గుడ్ల దగ్గర్నుంచి మిమ్మల్ని దూరంగా లాక్కుపోతోంది, అంతే."

"సరదాగా వచ్చామమ్మా, పరీక్ష రాయడానికి కాదు," అన్నాడొకాయన.

"పరీక్షే. ఇక్కడ తప్పితే గుడ్డు పగులుతుంది."

ఈ హడావుడంతా ఇసుకపిట్టల కోసం. పిట్ట గుప్పెడంత ఉంటుంది. గూడంటూ కట్టుకోదు. పొడి ఇసుకలో చిన్న గుంట చేసుకుని మూడు గుడ్లు పెడుతుంది. అవి అచ్చం గులకరాళ్ళలా ఉంటాయి. పక్కనే నిలబడి చూపించినా, "ఏవీ?" అని అడుగుతాం. అడుగుతూ అడుగుతూనే తొక్కేస్తాం.

అందుకని వదిన మిషను మీద గుడ్డ తీసింది. ఎర్ర బట్ట కత్తిరించి, అంచులు మడిచి, కర్రకు తొడగడానికి గొట్టంలా కుట్టు వేసి, ఎనభై జెండాలు కుట్టింది. ఒక్కో గూటి చుట్టూ నాలుగేసి పాతింది. తీరమంతా ఎర్రగా రెపరెపలాడుతుంటే, "ఇంక గుడ్డివాడు కూడా తొక్కడు," అని ఎంత మురిసిపోయిందో!

మూడేళ్ళు గడిచాయి. గుడ్లు పెడుతున్నాయి, కానీ ఒక్క పిల్లా పైకి రాలేదు. నాలుగో ఏడు మొదట్లో పెద్దసారు మమ్మల్ని ఆఫీసుకు పిలిచి కాగితం చదివాడు. ఈ ఏడు కూడా పిల్లలు కనబడకపోతే కాపలా ఎత్తేస్తారట. ఆ తీరం ఇసుక మీద జీపు షికార్లకు అనుమతి ఇచ్చేస్తారట. వదిన కిక్కురుమనలేదు. ఆ రోజంతా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఆవిడ అరవకపోతే నాకు భయం.

ఆ ఏడు మూడు జంటలు గుడ్లు పెట్టాయి. వారం తిరక్కుండా రెండు గూళ్ళు ఖాళీ అయ్యాయి. వదిన రివ్వున గేటు దగ్గరికి వచ్చింది.

"ఎవరి కుక్కను లోపలికి వదిలావు?"

"నేనా? నా ఒంట్లో ప్రాణముండగా కుక్కను వదులుతానా?"

"మరి గుడ్లేమయ్యాయి? నడిచి వెళ్ళిపోయాయా?"

నాకూ మండింది. నేనేం తక్కువ తిన్నానా, నాలుగు మాటలు గట్టిగానే అన్నాను. రెండు రోజులు మాటల్లేవు. మా మధ్య నలిగిపోయింది అన్నయ్యే. ఉప్పు కావాలన్నా అతనితోనే కబురు.

మూడోరోజు మధ్యాహ్నం గేటు దగ్గర కూర్చుని కోపంగా అటే చూస్తున్నాను. ఖాళీ అయిన గూటి దగ్గర జెండా కర్ర మీద ఒక కాకి దర్జాగా వాలి ఉంది. తల వంచి తిన్నగా కిందికి చూస్తోంది. పౌరుషం గట్టున పెట్టి వదిన దగ్గరికి పరిగెత్తాను.

కాకి సంగతి వినగానే ఆవిడ లేచింది. ఒక జెండా తీసుకుని, గుడ్లూ గూళ్ళూ ఏవీ లేని తీరం చివర ఇసుకలో పాతి వచ్చింది. ఇద్దరం కాపలా చెక్కగదిలో దూరి కిటికీ సందులోంచి చూశాం. నేను అంకెలు లెక్కపెడుతున్నాను. వందకు చేరకముందే కాకి వచ్చింది. కర్ర మీద వాలింది. దిగింది. జెండా చుట్టూ గెంతుతూ ముక్కుతో ఇసుకంతా తవ్వి పోసింది. తిక్కదానిలా వెతికింది.

వదిన కూలబడిపోయింది.

"నేనేనే... అంచులు మడిచి, ముద్దుగా కుట్టి మరీ కాకులకు అడ్రసు రాసిచ్చాను. మూడేళ్ళ నుంచి వాటిని చంపుతున్నది నేనే."

నా జన్మలో ఆవిడ ఏడవడం చూడలేదు. ఏం చెయ్యాలో తెలియక నేనూ ఏడ్చాను. కాసేపటికి ముక్కు తుడుచుకుని లేచింది. "నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నా." "ముందు పద, తర్వాత తీసుకుందువు," అన్నాను. ఇద్దరం ఎండలో పడి పాతిన జెండాలన్నీ పీకేశాం. మిగిలిన మూడో గూటి చుట్టూ ఏ గుర్తూ ఉంచలేదు. దానికి బదులు పొడి ఇసుక అంచు పొడవునా గుంజలు పాతి వదిన ఒకే తాడు కట్టింది. గూడు ఎక్కడుందో ఆవిడకొక్కదానికే తెలుసు.

ఇంకో గొడవ ఉంది. ఆ కాకికి వదిన ముఖం తెలుసు. ఆవిడ ఎక్కడ ఆగితే అక్కడే వాలుతుంది. ఇన్నేళ్ళూ రోజూ ఎర్ర జెండాల మధ్య ఆవిడను చూస్తూ వచ్చింది మరి. దాంతో మా వదిన నాటకం మొదలుపెట్టింది. తాడు వెంట నడుస్తూ ఉత్త ఇసుక దగ్గర పదిచోట్ల ఆగుతుంది, వంగుతుంది, "అబ్బ, ఎంత బాగున్నాయో!" అని మురిసిపోతుంది. కాకి పదిచోట్లా దిగి తవ్వి తవ్వి ఆయాసపడుతుంది. నేను గేటు దగ్గర పొట్ట చెక్కలయ్యేలా నవ్వేదాన్ని. అసలు గూటివైపు మాత్రం ఆవిడ కన్నెత్తి చూసేది కాదు.

వచ్చినవాళ్ళకు పాఠంలో ఇంకో మాట కూడా కలిపింది. "తప్పు నేనే చేశాను, మీరు చెయ్యకండి," అని జెండాల సంగతి దాచకుండా చెప్పేది. అన్నేళ్ళు అరిచినా వినని జనం ఆ మాటకు మెత్తబడ్డారు. తడి ఇసుక మీద బుద్ధిగా నడిచారు.

గుడ్లు పెట్టిన ఇరవయ్యారో రోజు పొద్దున పెద్దసారు ఊడిపడ్డాడు. మెడలో కెమెరా.

"గూడు చూపించు. ఫొటో తీసి పైకి పంపాలి."

"చూపించను సార్."

తడి ఇసుక మీద నలభై మంది దాకా ఉన్నారు, అందరూ ఆగిపోయారు.

"చూపించకపోతే కాగితంలో ఏం రాయమంటావు?"

"మీ ఇష్టం సార్. అదిగో, గుంజ మీద కాకి కూర్చుంది చూడండి. మనం ఎటు చూస్తే అది అటు పోతుంది. మీ కాగితం కోసం దాన్ని గుడ్ల మీదికి పంపలేను. కాపలా ఎత్తేస్తే ఎత్తేయండి."

పెద్దసారు ముఖం కందగడ్డలా అయింది. నేరుగా వెళ్ళి తాడు మీద చెయ్యి వేశాడు. వదిన ఆయన్ని ఆపలేదు. గిరుక్కున తిరిగి, ఇసుకకు వీపు పెట్టి, సముద్రంకేసి చూస్తూ నిలబడింది. చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దావిడ అది చూసి, "రండర్రా, మనమూ అటు తిరుగుదాం. ఆ కాకికి మన ముఖాలతో ఏం పని?" అంది. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు నలభై మందీ సముద్రంవైపు తిరిగిపోయారు. కాకి గుంజ దిగి, వదిన ముందు తడి ఇసుక మీద వాలి, ఆవిడ ముఖంలోకే చూడసాగింది.

పెద్దసారు తాడు వదిలేశాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. అప్పుడే కదిలాయి, మాకు పదడుగుల్లో, ఇసుకలోంచి ఇసుకే లేచి పరిగెత్తినట్టు! దూదిపింజెలంత ఒళ్ళు, పుల్లల్లాంటి కాళ్ళు. తల్లి ముందు, అవి వెనక. నేను కేక పెట్టబోయి నోరు నొక్కుకున్నాను. పెద్దసారు కెమెరా ఎత్తనే లేదు. జేబులోంచి కాగితం తీసి, ఏదో రాసి, సంతకం పెట్టి నాకు చూపించాడు. "స్వయంగా చూశాను" అని ఉంది.

నేను మెల్లగా వెళ్ళి వదిన పక్కన నిలబడ్డాను. ఆవిడ తల తిప్పలేదు. కాకి ఇంకా అక్కడే ఉంది.

"వచ్చాయా?" అంది పెదవులు కదలకుండా.

"వచ్చాయి వదినా."

"ఎన్ని?"

"రెండు."

ఆవిడ చెంపల మీంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. తుడుచుకోలేదు, వెనక్కీ తిరగలేదు.

"ఎలా ఉన్నాయో చెప్పవే," అంది.