బోణీకీ దీపానికీ మధ్య

మహేశ్వరి అక్క గురించి చెప్పాలంటే ముందు నా సిగ్గు కొంత చెప్పుకోవాలి. నా పేరు డానియేలు. అఫ్జల్‌గంజ్‌లో చిన్న మడిగెలో కంప్యూటర్లు బాగుచేస్తాను. నోరు పెద్దదని బజారంతా అంటుంది, నిజమే. అలాంటి నోరు ఆ రోజు ఎంతసేపు మూసుకుని నిలబడిందో తలుచుకుంటే నామీద నాకే మండుతుంది.

అక్కది కార్వాన్. వైకుంఠం సేటు తాళ్లు, టార్పాలిన్ల హోల్‌సేల్ దుకాణంలో పదహారేళ్లుగా లెక్కలు చూస్తోంది. నలభై ఆరేళ్ల మనిషి. బస్సు దొరకదేమో అన్నట్టు నడుస్తుంది, తీరిగ్గా ఉన్నప్పుడు కూడా. ఆమె కూర్చునే మూలకు ఫ్యాను గాలి రాదు. "ఇంకో ఫ్యాను పెట్టియ్యమని అడగరాదా అక్కా?" అంటే, "బిల్లులు ఎగుర్తయి తమ్మీ, చెమట తుడ్సుకోవచ్చు, బిల్లులు ఏరుకుంట ఎవడు కూసోవాలె?" అంటుంది. అదీ ఆమె.

సేటు చెడ్డవాడు కాడు. మొండివాడు. ఆయన లెక్కల సాఫ్ట్‌వేర్ ఆ ఒక్క కంప్యూటర్లోనే ఉంటుంది. కొడుకు అక్షయ్ డిగ్రీ అయి దుకాణానికి రావడం మొదలుపెట్టాక, దాన్ని క్లౌడ్‌లోకి మార్చుదామని ఒకటే పోరు. ఒకరోజు ఇద్దరూ నన్ను పంచాయితీకి పిలిచారు.

"నా లెక్క నా ఇంట్ల ఉండాలె గని, ఎవని ఇంట్లనో పెట్టి నేను నెలనెలా కిరాయి కట్టుడేంది డానియేలూ?" అన్నాడు సేటు.

"సేటూ, ఇప్పుడు మీకున్నది ఇంట్ల బోరు. నీళ్లు మీవి, బిల్లు లేదు, ఎవన్నీ అడిగే పని లేదు. మోటరు కాలిందనుకో, గొంతు తడుపుకోను గూడ ఉండదు. క్లౌడంటే మున్సిపాలిటోళ్ల నల్లా. వాడు ఇడిస్తెనే వస్తది, పైసలు కట్టకుంటే బంద్. కని మోటరు ఫికరు మీకుండదు."

సమంగానే చెప్పాననుకున్నాను. కానీ బోరున్న ఇంట్లోనే కదా మెకానిక్కుకు పని. తక్కెడలో బొటనవేలు పెట్టావా అంటే, కొంచెం పెట్టాను. ఆ తర్వాత వారమే డ్రైనేజీ పైపుల కోసం మా గల్లీ తవ్వి నెట్ కేబులు తెంపేశారు. రెండు రోజులు బజారంతా నెట్ లేక మొత్తుకుంటే, సేటు మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, "ఏమాయె అక్షయ్, నీ నల్లా?" అని కొడుకును ఆటపట్టించాడు. క్లౌడ్ మాట అక్కడితో ఆగింది.

"పోనీ బ్యాకప్ అన్నా ఇంటికి తీస్కపోన్రి సేటూ. కంప్యూటరు, కాపీ ఒక్కతాననే ఉంటే ఏం ఫాయిదా?" అన్నాను. సాయంత్రం లెక్క ముగిశాక పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని పోవడానికి ఎంత కష్టం? ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"దీపం పెట్టినంక లక్ష్మిని గడప దాటిస్తరా ఎవరన్నా? సూది గూడ ఇయ్యం మేము."

"అయితే పొద్దున తీస్కపోన్రి."

"బోణీ గాకముందు దుకాణంలకెల్లి లక్ష్మిని బయటికి పంపుతమా? ఏం మాట్లాడ్తున్నవ్?"

ఇటు బోణీ, అటు దీపం. మధ్యలో బేరాలు, కాటా, ఆటోల లొల్లి. ఇక ఆ పెన్‌డ్రైవ్ బయటికి వచ్చేదెప్పుడు? దానికి కుంకుమ బొట్టు పెట్టి కంప్యూటర్‌కే గుచ్చి ఉంచారు. రాత్రీ పగలూ అక్కడే ఉండేది.

ఇంకో సంగతి కూడా ఉంది. అక్క కంటే ముందు ఆ కుర్చీలో దుర్గయ్య సార్ ఉండేవాడు. అక్కకు ఖాతాలు నేర్పింది ఆయనే. ఏ గిరాకీకి ఏ రేటు ఇవ్వాలో రాసిన కాగితం ఒకటి కూడికలు పూర్తిచేద్దామని ఇంటికి తీసుకుపోయాడట. నెల తిరక్కుండా ఆ రేట్లు ఎదుటి దుకాణం వాడి నోట వినిపించాయి. ఆయనే ఇచ్చాడో, ఎవడైనా చూశాడో, అసలు ఆ కాగితానికీ దానికీ సంబంధమే లేదో, ఎవరికీ తెలియదు. సేటు ఆ రోజే పంపించేశాడు. బజారులో మళ్లీ ఎవడూ పని ఇవ్వలేదు. తర్వాత చాలా ఏళ్లు నేను ఆయన్ని ఒక బండ్ల స్టాండ్ దగ్గర టోకెన్లు చింపుతూ చూశాను. నన్ను చూస్తే మొహం తిప్పుకునేవాడు.

ఇది తెలిసి కూడా మహేశ్వరి అక్క నాలుగేళ్ల కింద నా మడిగెకు వచ్చి పెన్‌డ్రైవ్ అడిగింది.

అంతకు కొన్నాళ్ల ముందు, ఆ బొట్టు పెన్‌డ్రైవ్ ఇంకా లేనప్పుడు, దుకాణం కంప్యూటర్ డిస్కు చచ్చిపోయింది. నేనెంత గుంజినా ఒక్క ఫైలు రాలేదు. ఎనిమిది నెలల బిల్లులు అక్క మళ్లీ మొదటి నుంచి కొట్టింది. ఇరవై రెండు రోజులు పట్టింది. ఆ రోజుల్లోనే వాళ్లమ్మ పెద్దాస్పత్రిలో ఉంది. దుకాణం నుంచి నడిచి వెళ్తే ఐదు నిమిషాలు. పంతొమ్మిదో రోజు ఆవిడ పోయింది.

"అమ్మ ఐదు నిమిషాల దూరంల ఉండె తమ్మీ. నేనేమో తాళ్ల బిల్లులు కొట్టుకుంట కూసున్న. ఇంకోసారి గట్ల గావద్దు. గీ పెన్‌డ్రైవ్ సంగతి ఎవ్వరికి చెప్పకు." ఏడవలేదు. చెప్పేటప్పుడు కౌంటర్ అంచును గోటితో గీరుతూనే ఉంది.

అప్పటి నుంచి అది మా ఇద్దరి దొంగతనం. రాత్రి ఆ పెన్‌డ్రైవ్ నా బీరువాలో, ఒక రేకు డబ్బాలో ఉంటుంది. డబ్బాకు తాళం, తాళంచెవి అక్క దగ్గర. పొద్దున దుకాణానికి పోతూ తీసుకుంటుంది. మధ్యాహ్నం అన్నం డబ్బా పట్టుకుని నా మడిగెకు వచ్చి, కాపీ చేసిన పెన్‌డ్రైవ్ దాచి, తిని వెళ్తుంది. బయటపడితే ఆమెకు దుర్గయ్య సార్ గతే. నాకూ అంతే. ఊరోళ్ల లెక్కలు దాచుకునే మెకానిక్కును ఏ సేటు గడప ఎక్కనిస్తాడు?

మొన్న జూలై పదహారున, వాన ముసురు పట్టి ఉంది. పదిన్నరకు అక్షయ్ ఫోను. "అన్నా, జల్ది రా. కంప్యూటర్‌కు ఏందో అయింది."

వెళ్లేసరికి తెరంతా నల్లగా ఉంది. దానిమీద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు. మీ ఫైళ్లన్నీ తాళం వేశాం, మూడు రోజుల్లో డబ్బు కట్టకపోతే అవి ఇక దొరకవు. నెట్ వైరు పీకేశాను. కుంకుమ బొట్టు పెన్‌డ్రైవ్ తీసి నా ల్యాప్‌టాప్‌లో జాగ్రత్తగా చూశాను. కంప్యూటర్‌కే గుచ్చి ఉంది కదా, దానికీ తాళం పడింది.

"మన దుకాణానికి తాళమేసెటోడు వాడెవడ్రా?" సేటు గొంతు పెరిగింది. "ఏ ఊరోడు?"

"ఏ దేశపోడో గూడ తెల్వది సేటూ."

"నంబరియ్యి. నేను మాట్లాడ్త. బేరం గాకుంట ఉంటదా?"

"నంబరుండదు సేటూ."

అప్పుడు భయపడ్డాడు ఆయన. నలభై ఏళ్లు మనిషి మొహం చూసి బేరమాడినవాడు. మొహమే లేనివాడితో ఏం మాట్లాడాలి? కుర్చీలో కూర్చున్నాడు. ఇరవయ్యో తారీఖుకు జీఎస్టీ రిటర్న్. మూడు వందల మంది గిరాకీలు, ఎవరికి ఏ రేటు, ఎవరికి ఏ సరుకు ఎంత పోయింది, అన్నీ అందులోనే. వానాకాలం, టార్పాలిన్ల సీజను. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి, రేటు చెప్పమని. సేటు ఒక్క ఫోనూ ఎత్తలేదు.

"పైసలు కట్టేద్దాం బాపూ," అన్నాడు అక్షయ్.

"కట్టినా తాళం తీస్తడని ఏం గ్యారంటీ?" అన్నాను.

అక్షయ్ తల అక్క వైపు తిరిగింది. "బయటి పెన్‌డ్రైవ్ ఎవరన్నా పెట్టిన్రా దీంట్ల? గిట్లాంటివి గట్లనే వస్తయి."

 అక్క బ్యాగు ఆమె కాళ్ల దగ్గరే ఉంది. అందులో ఉంది పెన్‌డ్రైవ్. నోరు విప్పితే దుకాణం బతుకుతుంది, కానీ వైరస్ తెచ్చింది ఆమే అంటారు. లెక్కలు బయటికి మోసింది ఆమే అంటారు. విప్పకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. ఆమె నావైపు చూసింది. నేను, ఇంత నోరున్నవాణ్ణి, ల్యాప్‌టాప్‌లో ఏదో వెతుకుతున్నట్టు తల వంచుకున్నాను. థూ నా బతుకు!

సేటు చిన్నగా అన్నాడు: "ఎనిమిది నెలలది కొట్టినట్టు మల్ల కొట్టుడేనా మహేశ్వరమ్మా? ఈసారి ఏండ్లకేండ్లది."

ఆ మాటకు ఆమె వంగి బ్యాగు జిప్పు తీసింది.

"నిన్న పగటీలి దాంక అంతా నా దగ్గరున్నది సేటూ."

అంటూనే ఆత్రంగా పెన్‌డ్రైవ్‌ను ఆ పాడైన కంప్యూటర్ దగ్గరికి పట్టుకెళ్లింది. గుచ్చడానికి వేలెడు దూరం.

"ఆగక్కా!" అని అరిచి చెయ్యి పట్టుకున్నాను. "దాంట్ల పెడితే గిది గూడ పోతది!"

  లోకం మొత్తంలో ఉన్న ఒకే ఒక్క కాపీ అది.

"అంటే... మన లెక్కలు బయట తిప్పుతున్నవా అక్కా?" అక్షయ్ లేచి నిలబడ్డాడు. "ఎప్పటిసంది?"

"నాలుగేండ్లు."

"నాలుగేండ్లా! బాపూ, ఇన్నరా?"

సేటు చెయ్యెత్తి కొడుకును ఆపాడు. ఆ పెన్‌డ్రైవ్ వంకే చూశాడు. తిడతాడనుకున్నాను. ఎందుకు చేశావని అడుగుతాడనుకున్నాను. అది కాదు ఆయన అడిగింది.

"ఏ యాళ్ల తీస్కపోతవ్?"

"పగటీలి సేటూ. అన్నం యాళ్లకు." అక్క తలెత్తి చెప్పింది. "బోణీ అయినంకనే. దీపం పెట్టకముందే. ఒక్క దినం గూడ తప్పలే."

"బోణీ గాని దినం?"

"తీస్కపోలే. నాలుగేండ్లల్ల ఆరు దినాలు."

నాకు ఈ సంగతి అప్పుడే తెలిసింది. కొన్ని రోజులు ఆమె రెండింటిదాకా, మూడింటిదాకా అన్నానికి రాకపోతే పని ఎక్కువనుకునేవాణ్ణి. బోణీ కోసం ఆకలితో కూర్చునేదన్నమాట.

"రాత్రి ఏడుంటది?"

ఇప్పుడు అక్క నోరు మూసుకుంది. నా పేరు చెప్పదు. ఉద్యోగం పోయినా, దొంగ అన్నా చెప్పదు. ఇక నాకు ఉండబట్టలేదు.

"నా దగ్గర సేటూ. నా బీరువాల. తాళంచెవి అక్క దగ్గరుంటది. మా నాయన మీద ఒట్టు, ఒక్కనాడు తెర్సి చూడలే."

సేటు నన్ను చూశాడు, ఆమెను చూశాడు. "పని చెయ్యిన్రి," అన్నాడు. అంతే. సరేనని కాదు, పొమ్మనీ కాదు. ఆ ఒక్క మాటతో మధ్యాహ్నమంతా మా ఇద్దరినీ ముళ్ల మీద కూర్చోబెట్టాడు.

నా మడిగె నుంచి మంచి కంప్యూటర్ ఒకటి స్కూటర్ మీద తెచ్చాను, వానకు సేటు దుకాణం టార్పాలినే కప్పి. సాఫ్ట్‌వేర్ ఎక్కించి, పెన్‌డ్రైవ్ గుచ్చి, ఎక్కుతున్న శాతాన్ని చూస్తూ అక్కా, అక్షయ్, నేనూ నిలబడ్డాం. తొంభై దగ్గర ఆగింది.  తొంభై ఒకటి. పోయిందనుకున్న ప్రాణం వచ్చింది.

లెక్కలు తెరుచుకున్నాయి. సేటు నమ్మలేక ముగ్గురు గిరాకీల రేట్లు అడిగి చూసుకున్నాడు. నిన్న మధ్యాహ్నం తర్వాతవి పదిహేడు బిల్లులు, అక్క కూర్చుని కొట్టేసింది. పాడైన కంప్యూటర్‌ను వెతికితే వైరస్ దారి కూడా దొరికింది. పొద్దున తొమ్మిది యాభైకి, అక్క ఇంకా దుకాణానికి రాకముందే, అక్షయ్ ఒక మెయిల్ తెరిచాడు.

"కొరియర్ బిల్లు అనుకున్న," అన్నాడు వాడు, చెవులు ఎర్రబడి. తర్వాత తనే వెళ్లి చాయ్ తెచ్చి ముందు అక్కకు ఇచ్చాడు. "గుస్స గావద్దు అక్కా." అక్క చాయ్ తీసుకుంది గానీ తాగలేదు.

"ఇప్పటికన్నా క్లౌడ్ పెడదాం బాపూ," అన్నాడు కాసేపాగి.

"పెట్టు. నెలనెలా కిరాయి కట్టి సద్దాం," అన్నాడు సేటు.

అయితే ఇక అక్క పెన్‌డ్రైవ్‌తో పనేముంది? అక్కతో పనేముంది? నాకు అదే భయం. ఆమెకూ అదే.

ఆరింటికి సేటు చేతులు కడుక్కుని లక్ష్మి పటం ముందు దీపం పెట్టాడు. ఆరున్నరకు అక్క లేచింది. తన దగ్గరే ఉండే లెక్కల సొరుగు తాళంచెవి బల్ల మీద పెట్టింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ అలా పెట్టలేదు. దాని పక్కనే పెన్‌డ్రైవ్ పెట్టింది. దీపం పెట్టాక అది బయటికి రాకూడదు కదా. ఖాళీ బ్యాగు భుజానికి తగిలించుకుని నా పక్కనుంచి పోతూ, "దుర్గయ్య సార్ యాదికొస్తుండు తమ్మీ," అంది నాకు మాత్రమే వినిపించేలా.

గడప దాటి ఒక మెట్టు దిగింది. బయట సన్నగా వాన.

"మహేశ్వరమ్మా."

సేటు గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మోకాళ్ల నొప్పి మనిషి, ఊరికే లేవడు. ఒక చేతిలో తాళంచెవి, ఇంకో చేతిలో పెన్‌డ్రైవ్. రెండూ గడప ఇవతలి నుంచి అవతలికి చాపాడు.

"గివి మర్సిపోయినవ్."

అక్క వెనక్కి తిరిగి ఆయన చేతిని చూసింది, ఆయన వెనక వెలుగుతున్న దీపాన్ని చూసింది.

"దీపం పెట్టిన్రు సేటూ," అంది.

"నాకు కండ్లున్నయి," అన్నాడు వైకుంఠం సేటు. "పట్టు. వానకు తడుస్తది."