పరుగులు తీసిన మామగారి పెళ్లి

మామగారి షష్టిపూర్తి నాడు తప్పంతా కొత్త టీవీదే అన్నాను. నాదని చెప్పలేదు.

అప్పట్లో నాచారంలో పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేవాణ్ణి. ఆయన పెళ్లినాటి చిన్న ఫిలిం రీలును సీడీ చేసి, ఉప్పల్‌లో వాళ్లింట్లోనే వేశాను. ఆ రీలులో సెకనుకు పదహారు బొమ్మలు. టీవీకి ఇరవై అయిదు కావాలి. కొన్ని బొమ్మల్ని రెండోసారి చూపిస్తేనే మనుషులు మామూలుగా నడుస్తారు. నేను బద్ధకించి ఉన్నవున్నట్టు ఎక్కించేశాను.

ఇంకేం! పెళ్లికొడుకు మండపంలోకి ఉరికాడు. పంతులు చేతులు ఫ్యాను రెక్కల్లా తిరిగాయి. తలంబ్రాలు రాళ్లదాడిలా పడ్డాయి. చుట్టాలంతా పొట్టలు పట్టుకున్నారు.

"గంత తొందరేముండె నీకు? నేనేమన్న పారిపోతుంటినా?" అని అత్తమ్మ మామను ఎత్తిపొడిచింది. నేనూ పడీపడీ నవ్వాను.

మామ మాత్రం తెర దగ్గరికి జరిగారు. "అల్లుడా, అక్షింతలేసింది మా అమ్మనేనా? సూసేలోపే పాయె. ఆమె ఫోటో గూడ లేదు నాకు."

"టీవీ గట్లుంది మామా," అనేశాను.

మర్నాడే ఆయన టీవీని ఆటోలో వేసుకెళ్లి, షాపతనితో గొడవపడి తిరిగి తెచ్చుకున్నారని తెలిసింది. సిగ్గుతో చచ్చి, రీలును సరిగ్గా మార్చి తీసుకెళ్లాను. ఈసారి తెరమీద వాళ్లమ్మ నెమ్మదిగా వంగి, కొడుకు తల నిమిరి నవ్వింది.

మామ కళ్లు తుడుచుకుని, "టీవీ మంచిగైందా?" అన్నారు.

"టీవీ ఎప్పుడూ మంచిగనే ఉంది మామా. నేనే పని సక్కగ జెయ్యలే. మాఫ్ జెయ్యున్రి."