బర్మా కోటయ్య గుర్తింపు విచారణ

అది 1965. నేను నరసరావుపేట తాలూకా కచేరీలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరుని. పల్లెల్లో మమ్మల్ని ఆరై అంటారు. పల్లెవాళ్ళకు మేమంటే హడల్, మా తహసీల్దారుకు మేమంటే లోకువ. పొలం గట్ల తగాదాలు, బావుల దరఖాస్తులు, వడగళ్ళ వాన నష్టాలు, ఇవే మా పని. ఆ రోజుల్లో వీటికి తోడు కొత్త రకం ఫైళ్ళు వచ్చిపడ్డాయి. బర్మాలో ప్రభుత్వం మారి కొట్లూ మిల్లులూ స్వాధీనం చేసుకోవడంతో ఎప్పుడో వెళ్ళి స్థిరపడ్డ మనవాళ్ళు ఓడలెక్కి వచ్చేస్తున్నారు. వాళ్ళు ఏ దేశం వాళ్ళో విచారించి రాయమని పైనుంచి తాఖీదులు. గట్టు ఎవరిదో తేల్చడానికే కిందా మీదా పడే మాకు, మనిషి ఏ దేశం వాడో తేల్చే పని అప్పజెప్పారు.

అలా వచ్చిన దంపతులు కోటయ్య, మా శ్వే. కోటయ్య కోటప్పకొండ దాపున ఒక పల్లెలో పుట్టిన రైతుబిడ్డ. కుర్రతనంలో రంగూన్ వెళ్ళి బియ్యం మిల్లులో పనికి కుదిరాడు. మా శ్వే అచ్చమైన బర్మా ఆడమనిషి; పేరులో ఆ 'మా' అక్కడ ఆడవాళ్ళ పేరుకు ముందు పెట్టే మాట. మా కచేరీలో ఎవరికీ ఆ పేరు నోరు తిరగక సువ్వమ్మ అనేవాళ్ళు. ఆమె తెలుగు వింటే మాత్రం ఎవరైనా తెల్లబోవాల్సిందే. భర్త దగ్గర నేర్చుకున్న తెలుగు కాబట్టి అచ్చం పల్నాటి యాస.

"నీ దేశమేదమ్మా?" అని మొదటిరోజు అడిగాను.

"ఈయన దేశమేనయ్యా. ఇంకేముంది?"

"ఆయన దేశం ఏదో ఇంకా తేలలేదు."

"ఏందయ్యా ఇది చోద్యం! ఈయన ఈడ పుట్టాడంట గదా. నేల ఈడ్నే ఉందిగా, అడగండి!"

నేలను అడిగే ఏర్పాటు చట్టంలో లేదు. ఆమె చేతిలో ఉన్నది సర్టిఫికెట్ ఆఫ్ ఐడెంటిటీ. అది పాస్‌పోర్టు కాదు. దాని మీద బర్మా దాటి రావచ్చు గాని తిరిగి పోవడానికి లేదు. ఇక్కడేమో ఆమె విదేశీయురాలు. రెసిడెన్షియల్ పర్మిట్, అంటే ఫలానా తారీఖు దాకా ఉండనిచ్చే అనుమతి, పోలీసువారు పొడిగిస్తూ వచ్చి, ఇక పొడిగించం అన్నారు. ఆమెకు మిగిలిన దారి ఒక్కటే. పౌరుడి భార్యగా కలెక్టరుగారి దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. అందుకు ముందు కోటయ్య ఇక్కడివాడేనని తేలాలి. పుట్టుకల రిజిస్టరులో కోటయ్య పేరుంది. ఆ పేరు ఈ మనిషిదేనని రక్తసంబంధీకులో ఊరి పెద్దలో నా ఎదుట వాంగ్మూలం ఇవ్వాలి. అది లేకపోతే అటు ఆ దేశమూ లేదు, ఇటు ఈ దేశమూ లేదు. ఆమెను ఎక్కడికి పంపుతారో పోలీసువారికే తెలియదు.

"ఇంతేగదా, మీ ఊరు పోదాం పద" అన్నాను కోటయ్యతో.

అతను తల దించుకున్నాడు. "నేను ఆ ఊళ్ళో కాలుపెట్టకూడదు బాబూ. నాకు కర్మ అయిపోయింది."

విషయం మెల్లగా బయటపడింది. యుద్ధంలో రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు మనవాళ్ళు గుంపులుగా అడవులకు అడ్డంపడి నడిచి వచ్చారు. కోటయ్య దారిలో జ్వరంతో పడిపోతే, చనిపోయాడనుకుని మిగతావాళ్ళు సాగిపోయారు. మా శ్వే వాళ్ళ ఊరివాళ్ళు తీసుకెళ్ళి బతికించారు. ఇక్కడ ఇంటివాళ్ళు ఆ కబురు విని దర్భలతో మనిషి బొమ్మ కట్టి, దహనం చేసి, దినాలు జరిపారు. కర్మ జరిగినవాడు బతికుండి ఇంటికి కబురు పెడితే ఆ ఇంట్లో ఇంకొకరు పోతారని నమ్మకం. యుద్ధమయ్యాక అటు వచ్చినవాళ్ళ ద్వారా తన కర్మ జరిగిన సంగతి తెలిసి, కోటయ్య ఒక్క కబురూ పెట్టలేదు. చచ్చినవాడిగానే అన్నేళ్ళూ బతికాడు.

"నువ్వు రాకపోతే నన్ను సముద్రంలో దించి పోతారు. వస్తావా, రావా?" అంది మా శ్వే. అతను లేచాడు.

పర్మిట్ గడువు మించిపోయేలా ఉండటంతో విచారణ తారీఖు వేసేశాను. ఆ రోజు పెద్దల అమావాస్య అనీ, ఇంకో రోజు పెట్టుకోండనీ కరణం కబురు పంపాడు. నేను చర్చికి పోయేవాణ్ణి. అమావాస్య అయితే ఏమిటి, పున్నమి అయితే ఏమిటి అన్నాను.

మేము ఊళ్ళో అడుగుపెట్టేసరికి మధ్యాహ్నం దాటింది. ఇళ్ళముందు మనుషులున్నారు, మాటలు లేవు. మునసబు ఎదురొచ్చి నాకు దణ్ణం పెట్టి, మా శ్వేను ఎగాదిగా చూసి, "ఇద్దరే వచ్చారేందండీ? ఆ బర్మా నుంచి వచ్చినాయన రాలేదా?" అన్నాడు. కోటయ్య నా పక్కనే, ఆయనకు మూరెడు దూరంలో నిలబడి ఉన్నాడు.

పరాచికమనుకుని నవ్వబోయాను. మునసబు ముఖంలో నవ్వు లేదు. చావడిలో నాకూ మా శ్వేకూ నులకమంచం వాల్చారు, మంచినీళ్ళిచ్చారు. కోటయ్యను కూర్చోమన్నవాడు లేడు. ఒకావిడ బిందెతో పోతూ అతని నీడ దారికి అడ్డంగా ఉంటే, చుట్టూ తిరిగి పోయింది. పెద్దల్ని ఒక్కొక్కరినే పిలిచి అడిగాను. "కోటయ్యా? పాపం, పోయాడు గదండీ, బర్మా అడవుల్లో." అందరిదీ అదే మాట, అతని ముఖం మీదుగా అవతలి గోడను చూస్తూ.

పొలం వాటా గొడవేమోనని మొదట అనుమానించాను. మా కొలువులో అన్ని జబ్బులకూ అదే మూలం. కాని వాటా మాట ఎవరూ ఎత్తలేదు. కరణాన్ని పక్కకు పిలిచి గట్టిగా అడిగితే, గొంతు తగ్గించి చెప్పాడు. "కనపడక కాదండీ. చూస్తే ఒప్పుకున్నట్టు. పేరు పెట్టి పలకరిస్తే ఆ కర్మ పలకరించినోడి కొంప మీద పడిద్ది. పిల్లలు గలవాళ్ళం."

అంతమంది లేడన్నవాణ్ణి ఒక్కడు ఉన్నాడని ఎంతసేపు అనుకోగలడు? ఎండలో నిలబడి నాకే ఏదోలా అయింది. కోటయ్య భుజం పట్టుకుని చూశాను. వెచ్చగా ఉంది, చెమట తడి తగిలింది. అతను నావైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. చాలా భయపడ్డ మనిషి చూపు అది.

మిగిలింది అక్క ఆదెమ్మ ఒక్కతే. కరణం, మునసబు, ఊరివాళ్ళు వెంట రాగా ఆమె దగ్గరికి పోయాం. వేపచెట్టు కింద పాత తిరగలి రాయి ఉన్న ఇల్లు. తల్లిదండ్రులు పోయాక పుట్టింట్లోనే ఉంటున్న ముండమోపి మనిషి. లోపల గోడవార పసుపు రాసిన చోట దీపం, విస్తరి నిండా అన్నం, మడత విప్పని కొత్త పంచె. చనిపోయిన తమ్ముడికి పెట్టుకుంటోంది. ఆ తమ్ముడు గుమ్మం బయట నిలబడి ఉన్నాడు.

"పెద్దమ్మా, ఇతను నీ తమ్ముడవునో కాదో ఒక్కసారి చూసి చెప్పు" అన్నాను.

ఆదెమ్మ అటు చూడలేదు. "నా తమ్ముడు ఏటా ఈ రోజు నా మీదకి వస్తాడయ్యా. వచ్చి మాట్లాడతాడు, నీళ్ళడుగుతాడు. గొడ్డు తప్పిపోతే యాడుందో చెప్పాడు. మా అమ్మ పోద్దని ముందేడే చెప్పాడు. ఆ గుమ్మంలో ఉన్నది నా తమ్ముడైతే, ఇన్నేళ్ళూ నా ఇంటికొచ్చి నా చేతి కూడు తినిపోయినోడు ఎవరు?"

మనసులో ప్రార్థన మొదలుపెట్టాను గాని మాటలు వరసగా రాలేదు.

ఇంతలో ఆదెమ్మ ఆవులించింది. మళ్ళీ మళ్ళీ ఆవులించి, మెడ వాల్చి, కాళ్ళు బారజాపి మగవాడిలా కూర్చుంది. గొంతు మారిందని చెప్పను, గొంతు ఆమెదే. యాస ఆమెది కాదు.

"ఆయ్, ఎండగుందండి. మంచినీళ్ళిప్పించండి."

గోదావరి యాస. కరణం నా చెవిలో, "బర్మాలో గోదావరి వాళ్ళతో కలిసి ఉన్నాడు గదండీ, యాస మారిందనుకున్నాం" అన్నాడు. గుమ్మం దగ్గర కోటయ్య ద్వారబంధం పట్టుకున్నాడు.

"కొండ కుడిచేతి పక్కన పెట్టుకునే వచ్చానండి. బండ్ల దారి చీలిన కాడ ఎడమకి తిరిగానండి. తిరగలి రాయి కనపడింది. అక్కగారు అన్నం పెట్టారు, తిన్నాను. నువ్వెనకాలే వత్తావన్నావు కదా, చూత్తానే ఉన్నాను."

"సూరిబాబూ!" అని అరిచి కోటయ్య గుమ్మంలోనే కూలబడ్డాడు.

ఆదెమ్మ ఒక్కసారి తల విదిలించి గోడకు వాలిపోయింది. మా శ్వే పరుగున వెళ్ళి ఆమె తల ఒళ్ళో పెట్టుకుని ముఖాన నీళ్ళు చల్లింది. "వదినా, నాయమ్మ గదూ, లెయ్యి" అంటోంది. కర్మ అయినవాడి పెళ్ళాం ముట్టుకుందని ఎవరూ అడ్డు చెప్పలేదు. అడ్డు చెప్పే ధైర్యం ఆ క్షణంలో అక్కడ ఎవరికీ లేదు.

కోటయ్య ఏడుస్తూ చెప్పాడు. సూరిబాబు మిల్లులో అతని జతగాడు, గోదావరి వైపు వాడు. అడవి దారిలో నడవలేక కూర్చుండిపోతుంటే, లేపడానికి కోటయ్య తన ఇంటి కబుర్లు చెబుతూ నడిపించాడట. "మా ఊరు పోదాం రా. పేటలో రైలు దిగితే కొండ కనపడిద్ది, దాన్ని కుడి పక్కన పెట్టుకుని నడువు. దారి చీలిన కాడ ఎడమకి. యాపచెట్టు కింద తిరగలి రాయి. మా అక్క అన్నం పెట్టిద్ది. ముందు నువ్వు పద, నేను ఎనకాలే వస్తా." ఆ మాటలు వింటూనే సూరిబాబు ప్రాణం పోయింది. ఆ మర్నాడే కోటయ్య జ్వరంతో పడిపోయాడు.

ఆదెమ్మ అంతా విన్నది. తరవాత లేచి గుమ్మం దాకా వెళ్ళి, మొదటిసారి అతని ముఖంలోకి చూసింది.

"ఒరేయ్ కోటిగా" అంది. "ఎవరినో పంపిచ్చి నువ్వు యాడ కూసున్నావురా ఇన్నేళ్ళూ?"

వాకిట్లో ఊరివాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. ఏమీ కాలేదు. ఎవరూ కూలిపోలేదు. ఆదెమ్మ బిందెడు నీళ్ళు తెచ్చి గుమ్మంలోనే తమ్ముడి నెత్తిన గుమ్మరించి లోపలికి లాక్కుంది. పదిరోజులకు అయ్యవారిని పిలిచి, పసిబిడ్డకు చేసినట్టే నడివయసు కోటయ్యకు బారసాల చేసి మళ్ళీ అదే పేరు పెట్టారు. పిలుపుకు వెళ్ళి నేనూ భోజనం చేసొచ్చాను. కాని విచారణ రోజు సంగతి ఇంకొంచెం ఉంది.

ఆదెమ్మ వాంగ్మూలం రాసి వినిపించి, ఇంకుప్యాడ్ ముందు పెట్టాను. వేలిముద్ర వేయబోతూ ఆగింది. "ఈయమ్మకి ఈ దేశంలో ఉండనిచ్చే కాయితం దీంతో వచ్చిద్దా?" అని అడిగింది. వస్తుందన్నాను. గట్టిగా నొక్కి వేసింది. ఆ వెనకే కరణం, మునసబు సంతకాలు చేశారు. మా శ్వే ఈలోగా ఇంకో విస్తరి వేసి, "బతికినోడి ఆకు ఇటు, ఆయన ఆకు అటే ఉండనీ వదినా" అని భర్తకు అన్నం వడ్డించింది.

తహసీల్దారు నా నివేదిక చదివి, "అంత కాలం తరవాత ఎలా గుర్తుపట్టిందయ్యా?" అన్నారు. దారి గుర్తుల వల్ల అని చెప్పాను. అది అబద్ధం కాదు. మరుసటి వేసవిలో మా శ్వే గుంటూరు వెళ్ళి విధేయతా ప్రమాణం చేసి రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తెచ్చుకుంది. ప్రమాణం ఆమె అదే పల్నాటి యాసలో చదివితే అక్కడి గుమాస్తాలు ముఖముఖాలు చూసుకున్నారట.

ఆ రోజు నేను సైకిలెక్కబోతుంటే ఆదెమ్మ వెనకనుంచి పిలిచింది. "అయ్యా, ఆ సూరిబాబుదే ఊరంట? వాళ్ళమ్మ ఇంకా ఎదురుచూస్తా ఉండిద్దేమో. కబురన్నా పంపాలి గదా."

కోటయ్యను అడిగాను. అతను నేలచూపులు చూశాడు. "మా ఇంటి దారి చెప్పుకుంటా వచ్చానే గాని, వాళ్ళ ఇంటి దారి అడగలేదు బాబూ."

తరవాత నా చేతిమీదుగా ఎందరో బర్మావాళ్ళ ఫైళ్ళు నడిచాయి. ఫారం తియ్యకముందే ప్రతివాళ్ళనూ రెండు మాటలు అడగడం ఆ కేసు నాకు నేర్పింది. మీ ఊరికి దారి ఎట్లా? దారిలో పోయినవాళ్ళ ఊళ్ళేమన్నా తెలుసా? గోదావరి జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చిన ప్రతి ఉద్యోగినీ సూరిబాబు గురించి అడిగాను. అందరూ ఎరగమన్నారు. చదువుతున్న మీలో ఎవరింట్లోనైనా రంగూన్ మిల్లుకు పోయి తిరిగిరాని సూరిబాబు అనే మనిషి ఉంటే, ఇక ఎదురుచూడకండి. అతను పోయాడు. కాని దిక్కులేకుండా పోలేదు. కోటప్పకొండ పక్కన ఒక అక్క అతనికి ఏటా అన్నం పెట్టింది.